సముద్ర రక్షిత ప్రాంతాలు: చట్టం గీసిన హద్దు, తీరంలో దాని ఆచరణ

సముద్రానికి కంచె వేయడం సాధ్యం కాదు. చేపలు, తాబేళ్లు, తిమింగలాలు మానవులు నిర్ణయించిన సరిహద్దులను ఎరుగవు. అయినప్పటికీ కడలిలోని కొన్ని భాగాలకు హద్దులు నిర్ణయించి, అక్కడ ఏది అనుమతించాలో, ఏది నిషేధించాలో చట్టం ద్వారా శాసించే విధానం గత అర్ధ శతాబ్దంలో ప్రపంచమంతటా విస్తరించింది. వీటినే సముద్ర రక్షిత ప్రాంతాలు అంటున్నారు. 2030 నాటికి భూమి, సముద్రాలలో కనీసం 30 శాతాన్ని రక్షణ పరిధిలోకి తేవాలన్న అంతర్జాతీయ లక్ష్యానికి గడువు సమీపిస్తోంది. ఈ నేపథ్యంలో భారతదేశంలో ఈ ప్రాంతాలకు ఉన్న చట్టపరమైన పునాది, వాటి పనితీరు, వాటిపై ఆధారపడిన మత్స్యకారుల పరిస్థితిపై సమగ్ర కథనం.

రక్షిత ప్రాంతం అంటే ఏమిటి?

సముద్రంలో స్పష్టమైన హద్దులతో గుర్తించి, ప్రకృతిని దీర్ఘకాలం పరిరక్షించే ఉద్దేశంతో చట్టం ద్వారా గానీ, అంతే సమర్థమైన మరో విధానం ద్వారా గానీ నిర్వహించే ప్రాంతాన్ని సముద్ర రక్షిత ప్రాంతంగా పరిగణిస్తారు. పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మైదానాలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తిన్నెలు, చేపలు సంతానోత్పత్తి చేసే నదీముఖాలు సాధారణంగా వీటి పరిధిలోకి వస్తాయి.

అన్ని రక్షిత ప్రాంతాల్లోనూ నిబంధనలు ఒకే తీరుగా ఉండవు. కొన్నింటిలో చేపల వేట పూర్తిగా నిషిద్ధం. మరికొన్నింటిలో యాంత్రిక పడవలను నిషేధించి సంప్రదాయ వేటను అనుమతిస్తారు. ఇంకొన్నింటిలో సంతానోత్పత్తి కాలంలో మాత్రమే ఆంక్షలు అమలవుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ సముద్ర పార్కు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1975లో చేసిన చట్టం ద్వారా ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం 3.44 లక్షల చదరపు కిలోమీటర్లు. దీనిని పలు మండలాలుగా విభజించి ఒక్కో మండలానికి వేర్వేరు నిబంధనలు రూపొందించారు. 2004లో చేసిన పునర్విభజనతో వేట పూర్తిగా నిషిద్ధమైన వాటా 5 శాతం లోపు నుంచి దాదాపు 33 శాతానికి పెరిగింది.

కఠినంగా అమలు చేసిన చోట ఫలితాలు స్పష్టంగా కనిపించాయి. మెక్సికోలోని కాబో పుల్మో వద్ద 1995లో జాతీయ పార్కు ఏర్పడింది. స్థానిక కుటుంబాలే ముందుండి వేట నిషేధాన్ని అమలు చేశాయి. 1999 నుంచి 2009 వరకు పదేళ్లలో అక్కడి చేపల మొత్తం జీవరాశి 463 శాతం పెరిగినట్లు శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

భారత చట్టాల్లో స్థానం

దేశంలో సముద్ర రక్షిత ప్రాంతాలకు ప్రధాన ఆధారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. సముద్రాల కోసం ప్రత్యేకంగా మరో రక్షిత ప్రాంతాల చట్టం లేదు. అడవులను దృష్టిలో ఉంచుకుని రూపొందించిన ఈ చట్టమే కాలక్రమంలో సాగర జలాలకూ వర్తించింది. నీటి మధ్య ఉన్న ప్రాంతాన్ని సైతం తెలుగులో ‘సముద్ర అభయారణ్యం’ అని వ్యవహరించడానికి, దాని నిర్వహణ బాధ్యత అటవీ శాఖ చేతిలో ఉండడానికి కారణం ఇదే.

1991లో చట్టానికి చేసిన సవరణ ఈ విషయంలో కీలకమైనది. ఆ సవరణ ద్వారా చేరిన 26ఏ సెక్షన్ ప్రకారం, ప్రాదేశిక జలాలను అభయారణ్యంలో చేర్చదలచిన రాష్ట్ర ప్రభుత్వం ముందుగా కేంద్ర ప్రభుత్వ సమ్మతి పొందాలి. జలభాగపు హద్దులను కేంద్ర ప్రభుత్వ ప్రధాన నౌకాదళ జలసర్వే అధికారిని సంప్రదించి నిర్ణయించాలి. స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడేందుకు తగిన చర్యలు తీసుకున్న తరువాతే ఆ హద్దులు ఖరారు కావాలి. ఆ జలాల మీదుగా శాంతియుతంగా సాగిపోయే నౌకల హక్కుకు నోటిఫికేషన్ వల్ల భంగం కలగదని కూడా అదే సెక్షన్ స్పష్టం చేసింది. జలచరాల రక్షణ, జాలరి జీవనోపాధి రెండింటినీ చట్టం ఒకే చోట ప్రస్తావించిందన్న మాట.

2002 నాటి సవరణతో కన్జర్వేషన్ రిజర్వు, కమ్యూనిటీ రిజర్వు అనే మరో రెండు కేటగిరీలు వచ్చాయి. జాతీయ పార్కు, అభయారణ్యాలతో పోలిస్తే వీటిలో ఆంక్షలు తక్కువ, స్థానికుల పాత్ర ఎక్కువ. కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించే ముందు స్థానిక ప్రజలను సంప్రదించడం తప్పనిసరి. దాని నిర్వహణ కమిటీలో గ్రామ పంచాయతీల ప్రతినిధులకు స్థానం ఉంటుంది.

అధికార పరిధిని అర్థం చేసుకోవడానికి దూరాలు ముఖ్యం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు ఉన్నవి ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల వరకు విస్తరించినది ప్రత్యేక ఆర్థిక మండలి. రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు ప్రకారం ప్రాదేశిక జలాల్లో మత్స్య పరిశ్రమ రాష్ట్రాల పరిధిలోనిది. ఆ వెలుపలి వేట కేంద్రం పరిధిలోకి వస్తుంది. ఆర్థిక మండలిలో నిర్దిష్ట ప్రాంతాలను గుర్తించి సముద్ర పర్యావరణాన్ని రక్షించే అధికారాన్ని 1976 నాటి సముద్ర మండలాల చట్టం కేంద్రానికి ఇచ్చింది.

ఈ విభజన వల్ల ఒకే జలభాగంపై పలు సంస్థల ప్రమేయం ఉంటోంది. అభయారణ్యం అటవీ శాఖది. పడవల రిజిస్ట్రేషన్, వేట లైసెన్సులు మత్స్య శాఖవి. గస్తీకి వేగవంతమైన నౌకలు ఉన్నది తీర రక్షక దళం వద్ద. తీరం వెంబడి నిర్మాణాలను తీర నియంత్రణ మండలి నిబంధనలు నిర్దేశిస్తాయి. వీటి మధ్య సమన్వయం కొరవడితే నోటిఫికేషన్ కాగితానికే పరిమితమవుతుంది.

దేశంలోని ప్రధాన సముద్ర రక్షిత ప్రాంతాలు

• గల్ఫ్ ఆఫ్ కచ్ (గుజరాత్): దేశంలో తొలి సముద్ర జాతీయ పార్కు. 1980లో అభయారణ్యంగా, 1982లో కొంత భాగం జాతీయ పార్కుగా ప్రకటితమైంది. రెండూ కలిపి దాదాపు 458 చదరపు కిలోమీటర్లు. పగడపు దిబ్బలకు, మడ అడవులకు నిలయం.

• మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు (అండమాన్): 1983లో వండూర్ వద్ద ఏర్పాటైంది. విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు.

• గల్ఫ్ ఆఫ్ మన్నార్ (తమిళనాడు): 1986లో ఏర్పడింది. తూత్తుకుడి, రామేశ్వరం మధ్య 21 దీవులతో 560 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం.

• మాల్వణ్ (మహారాష్ట్ర): 1987లో ప్రకటించిన చిన్న అభయారణ్యం. విస్తీర్ణం 29 చదరపు కిలోమీటర్లు.

• రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ పార్కు (అండమాన్): 1996లో ఏర్పాటైంది. విస్తీర్ణం 256 చదరపు కిలోమీటర్లు.

• గహిర్మాత (ఒడిశా): 1997 సెప్టెంబరులో ప్రకటితమైంది. 1,435 చదరపు కిలోమీటర్లలో 1,408 చదరపు కిలోమీటర్లు జలభాగమే.

• పాక్ బే డుగాంగ్ కన్జర్వేషన్ రిజర్వు (తమిళనాడు): 2022 సెప్టెంబరులో తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరంలో 448 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడింది. సముద్రపు గడ్డి మేసే డుగాంగ్ అనే క్షీరదానికి ప్రత్యేకించిన తొలి రిజర్వు ఇది.

ఈ ఏడింటి విస్తీర్ణాన్ని కలిపితే దాదాపు 3,470 చదరపు కిలోమీటర్లు. దేశ ప్రత్యేక ఆర్థిక మండలి 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అంటే ఈ ఏడూ కలిసి అందులో 0.2 శాతానికి కూడా చేరవు.

గహిర్మాత: గస్తీ నీడలో

ఈ విధానపు బలాబలాలు రెండూ స్పష్టంగా కనిపించే చోటు ఒడిశా తీరం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా శీతాకాలంలో ఇక్కడికి చేరుకుని, వేలాదిగా ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఈ సామూహిక ఆగమనాన్ని స్పానిష్ పదంతో ‘అరిబాడా’ అని పిలుస్తారు. ప్రపంచంలో ఇలాంటి తీరాలు కొన్నే ఉన్నాయి. వాటిలో మూడు ఒడిశాలోనివి. కేంద్రపాడా జిల్లాలోని గహిర్మాత గురించి 1974లో, దేవీ నదీముఖం గురించి 1981లో, గంజాం జిల్లాలోని రుషికుల్య నదీముఖం గురించి 1994లో శాస్త్రలోకానికి తెలిసింది.

ఒక్కో ఆడ తాబేలు ఇసుకలో గుంత తవ్వి వందకు పైగా గుడ్లు పెట్టి, వాటిని కప్పి, తిరిగి నీటిలోకి వెళ్లిపోతుంది. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. పక్షులు, కుక్కలు, చేపల బారి నుంచి తప్పించుకుని పెద్దవయ్యేవి వెయ్యింటిలో ఒకటి మాత్రమేనని అంచనా. గుడ్లు పెట్టే వయసుకు చేరిన ఒక్క తాబేలు వలలో చిక్కి మరణించడం ఎంత పెద్ద నష్టమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

తాబేలు నీటిలో నివసించినా ఊపిరితిత్తులతోనే శ్వాసిస్తుంది. గాలి కోసం తరచుగా పైకి రావాలి. ట్రాలర్ పడవ గంటల తరబడి లాగే వలలో చిక్కితే పైకి రాలేక మునిగి మరణిస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో తాబేళ్లు గుమిగూడేది తీరానికి దగ్గరలోని జలాల్లోనే. రొయ్యలు, చేపలు సమృద్ధిగా దొరికేదీ అక్కడే. ఘర్షణకు మూలం ఇది.

ధమ్రా, మహానది ముఖద్వారాల మధ్య విస్తరించిన గహిర్మాత అభయారణ్యంలో అనుమతి లేని వేట నేరం. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. ఈ షెడ్యూలులోని జీవులను వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు శిక్షకు అవకాశం ఉంది. దీనికి తోడు ఒడిశా సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం కింద ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ధమ్రా, దేవీ, రుషికుల్య నదీముఖాల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర చేపల వేటను నిషేధిస్తున్నారు. అటవీ, మత్స్య శాఖల సిబ్బంది గస్తీ నిర్వహిస్తారు. తీర రక్షక దళం ‘ఆపరేషన్ ఒలీవియా’ పేరుతో నౌకలను, విమానాలను వినియోగిస్తోంది. సమీపంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి జరిపే క్షిపణి పరీక్షలను సైతం 2024 జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్ల కోసం నిలిపివేయాలని నిర్ణయించారు.

అయితే ఏడు నెలల నిషేధం తీర గ్రామాలకు భారమైనది. దీనికి తోడు తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వార్షిక వేట విరామం ఎలాగూ ఉంటుంది. మే నెలాఖరు వరకు రెండు నిషేధాలూ కలిసి నడిచినా, ఆ తీరాల జాలరికి స్వేచ్ఛగా వేటాడే అవకాశం ఏడాదిలో సగం కూడా మిగలదు. నాటు పడవపై వెళ్లే చిన్న జాలరి వల వల్ల కలిగే ముప్పు, పెద్ద ట్రాలర్ వల్ల కలిగే ముప్పు సమానం కావన్నది మత్స్యకార సంఘాల వాదన. నిషేధ కాలానికి ఒడిశా ప్రభుత్వం జీవనోపాధి సాయం అందిస్తోంది. కానీ వేటతో పాటు చేపలు ఎండబెట్టే, అమ్మే మహిళల ఆదాయం, ఐసు, వలల పనివారి కూలి కూడా ఆగిపోతాయి.

రుషికుల్య: గ్రామాల కాపలాలో

గహిర్మాతకు దక్షిణంగా ఉన్న రుషికుల్య తీరం మరో పాఠం చెబుతుంది. ఇక్కడ అభయారణ్యం లేదు. ఉన్నది పైన పేర్కొన్న వార్షిక వేట నిషేధం, తీర గ్రామాల కాపలా. పొడంపేట, గోఖరకుద, పురుణాబంధ వంటి గ్రామాల ప్రజలు ఏళ్ల తరబడి అటవీ శాఖతో కలిసి గుడ్లను కాపాడుతున్నారు. పిల్లలు పుట్టే రోజుల్లో వీధి దీపాల వెలుగుకు దారి తప్పి ఊళ్లవైపు పాకిన వాటిని సముద్రంలోకి చేర్చుతారు. గంజాం తీరంలోని మత్స్యకారుల్లో అధికులు తరతరాల క్రితం అక్కడ స్థిరపడిన తెలుగు మాతృభాషగా గలవారు కావడం విశేషం.

2024లో ఇక్కడికి సామూహికంగా రాని తాబేళ్లు 2025 ఫిబ్రవరిలో రికార్డు సంఖ్యలో ఒడ్డెక్కాయి. ఆ ఒక్క సీజనులో రుషికుల్య వద్ద నమోదైన గూళ్ల సంఖ్య 6.8 లక్షలు దాటింది. అదే ఏడాది గహిర్మాత వద్ద కూడా 6 లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఇసుక తిన్నెల కోత, వాతావరణం, గాలుల తీరును బట్టి ఏడాదికీ ఏడాదికీ తేడా ఉంటుంది గనుక ఒక్క సంవత్సరపు అంకెతో విజయాన్ని గానీ, వైఫల్యాన్ని గానీ తేల్చలేం. అభయారణ్యం ఉన్న తీరానికీ, లేని తీరానికీ తాబేళ్లు తరలి రావడం మాత్రం గమనార్హం. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నవి వేటపై కాలపరిమితితో కూడిన నిషేధం, దానిని అమలు చేసే మనుషులు.

మన్నార్: ఆగిన తవ్వకం, మిగిలిన ప్రశ్న

గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో ముప్పు మరో రూపంలో వచ్చింది. నిర్మాణాలకు, సున్నానికి అవసరమైన పగడపు రాళ్లను దశాబ్దాల పాటు దిబ్బల నుంచి తవ్వి తరలించారు. అలల తాకిడిని అడ్డుకునే దిబ్బలు క్షీణించడంతో 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. 2004 డిసెంబరు సునామీ తరువాత దిబ్బల విలువ తీర గ్రామాలకు ప్రత్యక్షంగా తెలిసివచ్చింది. 2005 నాటికి తవ్వకం దాదాపుగా ఆగింది. కోతకు గురైన వాన్ దీవి వద్ద కృత్రిమ దిబ్బలు నిర్మించి ఇసుకను నిలబెట్టే ప్రయత్నం సాగింది.

ఇదే పార్కు హద్దులు దీవుల చుట్టూ సముద్రపు పాచి సేకరించే మహిళలకు కష్టం తెచ్చిపెట్టాయి. తరతరాలుగా వెళ్తున్న చోటికి వెళ్లడం నేరమైంది. రామనాథపురం తీరంలో వారు తామే కొన్ని నియమాలు పెట్టుకున్నారు. నెలలో 12 రోజులు మాత్రమే సేకరణకు వెళ్లడం, వేట విరామ కాలంలో పూర్తిగా ఆపడం వాటిలో ముఖ్యమైనవి. స్థానికుల స్వీయ నియంత్రణకు చట్టంలో ఏ మేరకు స్థానం కల్పించాలన్న ప్రశ్నను ఈ అనుభవం ముందుకు తెచ్చింది.

చట్టం ఆపలేని ముప్పు కూడా ఒకటుంది. 2010, 2016 సంవత్సరాల్లో సముద్ర జలాలు వేడెక్కి మన్నార్ పగడాలు తెల్లబారాయి. వేడెక్కే నీటిని ఏ నోటిఫికేషనూ నిలువరించలేదు. అయితే తవ్వకం, కాలుష్యం, విధ్వంసక వేట లేని దిబ్బలకు అలాంటి దెబ్బ నుంచి కోలుకునే అవకాశం ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్ తీరంలో

ఆంధ్రప్రదేశ్‌లో గహిర్మాత తరహా సముద్ర అభయారణ్యం లేదు. 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం కాకినాడ సమీపంలో గోదావరి ముఖద్వారపు మడ అడవులను రక్షిస్తోంది. దీని విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. చేప పిల్లలకు, రొయ్యలకు ఈ మడ అడవులే తొలి ఆవాసం.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు పలు చోట్ల ఆలివ్ రిడ్లే తాబేళ్లు విడివిడిగా వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని సేకరించి హేచరీల్లో పొదిగించి పిల్లలను కడలిలో వదులుతున్నారు. అదే సమయంలో మృత తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకురావడం ఏటా శీతాకాలంలో కనిపించే దృశ్యం. ఒడిశాకు తరలివెళ్లే తాబేళ్లు ఈ జలాల మీదుగానే సాగుతాయి. ఒక రాష్ట్రం కాపాడిన జీవి పొరుగు రాష్ట్రపు వలలో మరణించవచ్చు. ట్రాలర్ వలలో అమర్చే ‘టెడ్’ అనే పరికరం తాబేలును బయటికి పోనిచ్చి, రొయ్యలను, చేపలను వలలోనే ఉంచుతుంది. కొంత చేప కూడా జారిపోతుందన్న భయం దాని వినియోగానికి అడ్డుగా నిలుస్తోంది.

అంతర్జాతీయ లక్ష్యాలు

జీవవైవిధ్య ఒడంబడిక సభ్య దేశాలు 2010లో జపాన్‌లోని నగోయాలో సమావేశమై, 2020 నాటికి తీర, సముద్ర ప్రాంతాల్లో 10 శాతాన్ని రక్షించాలని నిర్ణయించాయి. ఆ గడువుకు లక్ష్యం నెరవేరలేదు. 2022 డిసెంబరులో కుదిరిన కున్మింగ్–మాంట్రియల్ ప్రణాళిక దానిని 2030 నాటికి 30 శాతానికి పెంచింది. ఆదివాసుల, స్థానిక ప్రజల హక్కులను గౌరవించాలని అదే లక్ష్యంలో పొందుపరిచారు.

ఏ దేశానికీ చెందని బహిరంగ సముద్రాలు మొత్తం సముద్రాల్లో దాదాపు మూడింట రెండు వంతులు. అక్కడ రక్షిత ప్రాంతాల ఏర్పాటుకు వీలు కల్పించే ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి వేదికగా 2023 జూన్ 19న ఆమోదించారు. భారత్ దీనిపై 2024 సెప్టెంబరులో సంతకం చేసింది. 60 దేశాల ధ్రువీకరణ పూర్తికావడంతో 2026 జనవరి 17న అది అమల్లోకి వచ్చింది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ తన జలాల్లో 2014లో 1,738 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతాన్ని డాల్ఫిన్లు, తిమింగలాలు సంచరించే ‘స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్’ లోయ వద్ద ప్రకటించింది.

ముందున్న బాధ్యత

30 శాతం లక్ష్యం వైపు సాగాలంటే కొత్త నోటిఫికేషన్లు తప్పవు. హద్దులు ప్రకటించిన వేగంతో గస్తీ పడవలు, సిబ్బంది, శాస్త్రీయ గణన సమకూరకపోతే విస్తీర్ణం అంకెల్లోనే పెరుగుతుంది. రాష్ట్రాల సరిహద్దులు దాటి సంచరించే తాబేలు, తిమింగల సొర వంటి జీవులకు ఉమ్మడి ప్రణాళిక అవసరం. ట్రాలర్‌కూ నాటు పడవకూ ఒకే నిషేధం వర్తింపజేసే ముందు ఏది ఎంత హాని చేస్తుందో లెక్కగట్టాలి. ఉపాధి కోల్పోయే రోజులకు అందే సాయం ఆ రోజుల్లోనే, చేపలు అమ్మే మహిళలతో సహా అర్హులందరికీ చేరాలి.

మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకున్న తరువాతే సముద్రంలో హద్దు గీయాలని 1991లోనే చట్టం నిర్దేశించింది. రాబోయే ఏళ్లలో ప్రకటించే ప్రతి కొత్త రక్షిత ప్రాంతం విషయంలోనూ ప్రభుత్వాలు సమాధానం చెప్పవలసిన నిబంధన అది.